అడగడం నేర్పే చదువు

మన దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 చివర్లో మొదలై 1952 తొలి నెలల్లో ముగిశాయి. అంతకు ముందు ఓటర్ల జాబితా కోసం సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. ఉత్తరాదిన చాలా ఇళ్ల ముందు వాళ్లకో చిక్కు వచ్చిపడింది. "అమ్మా, మీ పేరేమిటి?" అని అడిగితే గడప లోపలి ఆవిడ తన పేరు చెప్పదు. ఫలానా వాడి తల్లిని అంటుంది. ఫలానా ఆయన భార్యను అంటుంది. పరాయి మగవాడి ముందు పేరు చెప్పడం మర్యాద కాదని ఆ ఇళ్ల ఆచారం. సిబ్బంది అలాగే రాసుకుపోయారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదన్నారు. సొంత పేరు చెప్పించి రాయమన్నారు. కొన్ని చోట్ల సరిదిద్దారు. అయినా దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు ఆ జాబితాలోంచి తీసివేయాల్సి వచ్చింది. ఇప్పుడు చెప్పండి. ఆ ఆడవాళ్లకు ఓటు హక్కు లేదా? ఉంది. రాజ్యాంగం మగవాళ్లతో సమానంగా ఇచ్చింది. ఏ కోర్టూ దాన్ని కొట్టేయలేదు. ఏ ప్రభుత్వమూ లాక్కోలేదు. అయినా పోలింగు రోజున వాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు.

హక్కు ఉంది. హక్కు చేతికి రాలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే ఈ పూట మాట్లాడుకుందాం. రాజ్యాంగం గురించి ప్రసంగాలు ఏటా వింటూనే ఉన్నాం. జనవరి 26న వింటాం, నవంబరు 26న వింటాం. అది ఎంత గొప్పదో, ఎంత పెద్దదో చెబుతారు. నిజమే. కానీ రాజ్యాంగం తనంతట తాను నడిచి మన గుమ్మం దాకా రాదు. ఎవరో ఒకరు వెళ్లి అడగాలి. అడగాలంటే మూడు సంగతులు తెలియాలి. ఎవరిని అడగాలి? వాళ్లు ఎన్నాళ్లలో జవాబివ్వాలి? కాదంటే ఎక్కడికి వెళ్లాలి? మళ్లీ చెబుతున్నాను. ఎవరిని, ఎన్నాళ్లలో, కాదంటే ఎక్కడికి. ఈ మూడూ నేర్పేదే పౌరవిద్య. ఇవి నేర్పనిది ఎన్ని పేజీల పుస్తకమైనా, ఎన్ని మార్కుల పేపరైనా పౌరవిద్య అనిపించుకోదు. నేను చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే. దీనికి ఆధారాలు చూపిస్తాను. దీనికి ఎదురు వచ్చే అభ్యంతరాలూ మీ ముందు పెడతాను.

ముందుగా, మామూలు చట్టాలు ఇన్ని ఉండగా రాజ్యాంగం ఎందుకు? మామూలు చట్టం మనం ఏం చేయకూడదో చెబుతుంది. రాజ్యాంగం మనల్ని పాలించేవాళ్లు ఏం చేయకూడదో కూడా చెబుతుంది. ఎంత మెజారిటీ ఉన్నా దాటరాని గీతలు కొన్ని గీస్తుంది. ఆ గీతలు ఎక్కడున్నాయన్న వాదన మన సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి సాగింది. రాజమహేంద్రవరం వాడైన కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, 1967లో గోలక్‌నాథ్ కేసులో, పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని తగ్గించరాదని తీర్పు వచ్చింది. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు కూర్చున్నారు. రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్నారు. ఇదంతా ఎక్కడో ఢిల్లీలో పెద్దల వ్యవహారం అనిపించవచ్చు. అయితే రాజ్యాంగం 15వ అధికరణం వినండి. అందులో దుకాణాల మాట ఉంది. హోటళ్ల మాట ఉంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల మాట ఉంది. కులం పేరుతో, మతం పేరుతో వీటి దగ్గర ఎవరినీ అడ్డుకోకూడదని రాసి ఉంది. ఒక దేశపు మూలచట్టం ఊరి బావి గట్టు దాకా వచ్చి మాట్లాడింది. మన టీ హోటళ్లలో కొందరికి ఒక గ్లాసు, మరికొందరికి వేరే గ్లాసు పెట్టే రోజులు చాలాకాలం నడిచాయి. రెండో గ్లాసు పెట్టడం తప్పని 1950 నుంచీ రాసే ఉంది. ఆ గ్లాసు ముందు నిలబడిన మనిషికి ఆ సంగతి చెప్పినవాడే లేడు.

ఇప్పుడు మరో ఆధారం. 1979 జనవరిలో ఒక ఇంగ్లిషు దినపత్రికలో బీహార్ జైళ్ల గురించి కథనాలు వచ్చాయి. అక్కడ విచారణ ఖైదీలు ఏళ్ల తరబడి మగ్గుతున్నారు. విచారణ ఖైదీ అంటే నేరం ఇంకా రుజువు కాని మనిషి. వాళ్లలో కొందరి మీద మోపిన నేరం నిజమే అనుకున్నా, దానికి పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం అప్పటికే లోపల గడిచిపోయింది. బెయిలు అడగవచ్చని కొందరికి తెలియదు. తెలిసినా జామీను కట్టే స్తోమత లేదు. తరఫున వకీలు లేడు. ఆ కథనాలు చదివిన న్యాయవాది కపిలా హింగోరాణి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. త్వరగా విచారణ జరగడం జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. వ్యక్తిగత పూచీకత్తు మీద ఖైదీలను విడుదల చేయమంది. శ్రోతలు ఇక్కడ ఒకటి గమనించాలి. కోర్టు ఆధారం చేసుకున్న 21వ అధికరణం 1979లో పుట్టింది కాదు. 1950 నుంచీ ఉంది. అంటే 29 ఏళ్ల పాటు హక్కు కాగితం మీద ఉంది, మనిషి జైలు గోడల మధ్య ఉన్నాడు. వాళ్ల కోసం అడిగే మనిషి ఒకరు వచ్చాకే తాళం తెరుచుకుంది.

ఇక మన నేల మీద సంగతి. రాజ్యాంగ సభలో మన తెలుగువారు గట్టిగానే మాట్లాడారు. ముసాయిదా సంఘంలో అల్లాది కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. సభలో దుర్గాబాయి ఉన్నారు, ఆచార్య ఎన్.జి. రంగా ఉన్నారు. రాజ్యాంగం ఎలా ఉండాలో ముందే చెప్పిన లక్ష్యాల తీర్మానం మీద రంగాగారు మాట్లాడుతూ ఒక ప్రశ్న లేవనెత్తారు. ఈ దేశంలో అసలైన మైనారిటీలు ఎవరు అని. ఆయన జవాబు మతం గురించి కాదు. సామాన్య జనమే అసలైన మైనారిటీలు అన్నారు. గిరిజనుల భూమి ఇతరులకు పోకూడదని చట్టం ఉన్నా, వ్యాపారులు వెళ్లి వాళ్ల భూమిని చేజిక్కించుకుంటున్నారని చెప్పారు. ఊళ్లో వడ్డీ వ్యాపారి గుప్పిట్లో రైతు ఉన్నాడని చెప్పారు. కనీస చదువు కూడా లేని ఈ జనానికి కాగితం మీద హక్కులిస్తే సరిపోదు, వాటిని అందుకోవడానికి ఊతం కావాలన్నారు. రాజ్యాంగం ఇంకా రాయకముందే, హక్కు రాయడం వేరు, అందడం వేరు అని ఒక తెలుగువాడు ఆ సభలో హెచ్చరించాడన్న మాట.

రంగాగారి మాట ఎంత నిజమో మన మన్యమే చూపించింది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. దాని కింద 1959లో మన రాష్ట్రంలో భూబదలాయింపు నిబంధనలు వచ్చాయి. 1970లో వాటిని ఇంకా బిగించారు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. అంత స్పష్టంగా ఉంది. అయినా విశాఖ మన్యంలో, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో, గనుల కోసం ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వమే లీజులిచ్చింది. అక్కడి గిరిజనులతో పనిచేస్తున్న సమత అనే స్వచ్ఛంద సంస్థ దాన్ని ప్రశ్నించింది. హైకోర్టులో ఓడిపోయింది. అక్కడితో ఆగకుండా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జులైలో తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఏమన్నారంటే, ఈ నిబంధన మామూలు మనిషికే కాదు, ప్రభుత్వానికీ వర్తిస్తుంది; గిరిజనేతరులకు ఇచ్చిన ఆ లీజులు చెల్లవు. రైతు శ్రోతలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పట్టా పెట్టెలో భద్రంగా ఉంటుంది. కానీ హద్దు ఎక్కడో ఆసామికి తెలియకపోతే, పక్క చేనివాడు దున్నినప్పుడల్లా గట్టు ఒక్కో చాలు లోపలికి జరుగుతుంది. హక్కుల సంగతీ అంతే. హద్దు తెలిసినవాడు గట్టు మీద నిలబడ్డప్పుడే అది ఆగుతుంది. బొర్రా దగ్గర ఆగింది. నిలబడి అడిగినవాళ్లు ఉన్నారు గనక ఆగింది.

ఇప్పుడు మన మూడు ప్రశ్నలకు వద్దాం. ఎవరిని, ఎన్నాళ్లలో, కాదంటే ఎక్కడికి. ఇవి తెలిస్తే ఒక హక్కు ఎలా పనిచేస్తుందో సమాచార హక్కు చట్టంలో చూడండి. ఇది 2005లో వచ్చింది. మీ ఊరి రోడ్డుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని తెలుసుకోవాలనుకోండి. ఎవరిని అడగాలి? ఆ కార్యాలయంలో ఉండే పౌర సమాచార అధికారిని. తెల్లకాగితం మీద, తెలుగులోనే రాసి ఇవ్వవచ్చు. రాయడం రాకపోతే నోటితో చెప్పవచ్చు, రాసిపెట్టడానికి సాయం చేయాల్సింది ఆ అధికారే. ఎందుకు కావాలని మిమ్మల్ని నిలదీసే అధికారం ఆయనకు లేదు. మన రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఎన్నాళ్లలో? 30 రోజుల్లో. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సంగతైతే 48 గంటల్లో. కాదంటే ఎక్కడికి? అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే సమాచార కమిషన్‌కు. చూశారా? చట్టం పేరు ఇంగ్లిషులో ఏమిటో తెలియనక్కర లేదు. ఏ సెక్షనో తెలియనక్కర లేదు. ఈ మూడూ తెలిస్తే చాలు.

ఇంకో ఉదాహరణ. ఎవరినైనా పోలీసులు అరెస్టు చేశారనుకోండి. ఇంటిల్లిపాదీ కాళ్లూ చేతులూ ఆడక, ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతారు. రాజ్యాంగం 22వ అధికరణం అక్కడ నాలుగు మాటలు చెబుతోంది. ఎందుకు అరెస్టు చేశారో ఆ మనిషికి చెప్పాలి. తనకు నచ్చిన వకీలును సంప్రదించనివ్వాలి. 24 గంటల్లోగా దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టే సమయం ఒక్కటే అందులోంచి మినహాయింపు. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా అంతకు మించి ఉంచకూడదు. ముందస్తు నిర్బంధం కేసులకు వేరే నిబంధనలున్నాయి గానీ, మామూలు కేసులన్నిటికీ ఇదే పద్ధతి. వకీలుకు డబ్బు లేదా? అప్పుడు న్యాయ సేవాధికార సంస్థ ఉంది. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు, వీళ్లెవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఆ కార్యాలయం ఉంటుంది. ఫోను నంబరు 15100. మరోసారి వినండి. ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా. ఈ అంకెలు తెలిసిన ఇంటికీ తెలియని ఇంటికీ ఆ రాత్రి గడిచే తీరులో ఎంత తేడా ఉంటుందో మీరే ఊహించండి.

సరే, అభ్యంతరాలకు వద్దాం. మొదటిది. ఇదంతా బడిలో చెబుతూనే ఉన్నారు కదా, కొత్తగా కావాల్సిందేమిటి అని. నిజమే, సాంఘిక శాస్త్రం పుస్తకంలో రాజ్యాంగం ఉంది. మొదటి పేజీల్లోనే ప్రవేశిక అచ్చేస్తున్నారు. కానీ పరీక్షలో అడిగేదేమిటి? రాష్ట్రపతి పదవికి కనీస వయసెంత? 35. రాజ్యసభ సభ్యుడి పదవీకాలం ఎంత? 6 ఏళ్లు. పిల్లవాడు తడుముకోకుండా చెబుతాడు, మార్కు పడుతుంది. అదే పిల్లవాణ్ని మీ వార్డు మెంబరెవరు అని అడగండి. గ్రామసభ ఎప్పుడు జరుగుతుంది, అందులో ఎవరు మాట్లాడవచ్చు అని అడగండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు రాకపోతే ఎవరికి చెప్పాలి అని అడగండి. జవాబు రాదు. తప్పు పిల్లవాడిది కాదు. మనం రాజ్యాంగాన్ని జనరల్ నాలెడ్జి కింద నేర్పుతున్నాం. జీవితకాలంలో ఎన్నడూ కలవని రాష్ట్రపతి గురించి చెబుతున్నాం, రేపు ఉదయం కలవబోయే పంచాయతీ కార్యదర్శి గురించి చెప్పడం లేదు. రెండూ తెలియాలి. కానీ వరస తిరగబడింది. దగ్గరి నుంచి దూరానికి వెళ్లాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ముందు కూడు, తరవాత రాజ్యాంగం అంటారు. పొద్దున లేస్తే కూలికి పోయే మనిషికి, అక్షరం ముక్క రాని మనిషికి, ఈ అధికరణాలతో ఏం పని అంటారు. దీనికి అల్లాది కృష్ణస్వామి అయ్యర్ 1949 నవంబరులోనే ఒక జవాబు చెప్పారు. జనంలో అంత నిరక్షరాస్యత ఉన్నా సామాన్యుడి మీద నిండు నమ్మకంతోనే ఈ సభ అందరికీ ఓటు ఇచ్చిందని ఆయన అన్నారు. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 18 మందే. అయినా ఎన్నిక జరిగింది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అతికించారు. ఓటెలా వేయాలో ఆకాశవాణి చెప్పింది, సినిమా హాళ్లలో చిన్న చిత్రాలు వేసి చూపించారు. అక్షరం రానివాళ్లు వెళ్లి ఓటేశారు. అక్షరం రాకపోవడం, తెలివి లేకపోవడం ఒకటి కాదు. కూడు సంగతి కూడా ఇందులోనే ఉంది. ఉపాధి హామీ చట్టం అమలు 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పనికి వెళ్లిన మనిషికి కూలి సరిగా అందిందా లేదా అన్నది అన్నం ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబు దొరికింది మాత్రం పౌరవిద్యలోనే.

ఎలాగంటారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికి సామాజిక తనిఖీ పెట్టారు. కూలీల ఇళ్లలోని చదువుకున్న కుర్రాళ్లకు, ఆడపిల్లలకు మస్టర్ రోల్ చదవడం నేర్పారు. మస్టర్ రోల్ అంటే పనికి వచ్చినవాళ్ల హాజరు పట్టీ. వాళ్లు ఆ పట్టీ పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగారు. "పెద్దమ్మా, ఈ వారంలో నువ్వు ఆరు రోజులు పనికి వెళ్లినట్టు ఉంది, వెళ్లావా? ఇంత డబ్బు తీసుకున్నట్టు ఉంది, ముట్టిందా?" ఇంతే ప్రశ్న. ఆమె జాబ్ కార్డు తెచ్చి చూపిస్తుంది. పట్టీలో ఒక అంకె, కార్డులో ఇంకో అంకె. ఎప్పుడో చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు కూడా హాజరు పట్టీల్లో దొరికాయి. తరవాత అధికారుల సమక్షంలో ప్రజావేదిక పెట్టి, అవన్నీ పైకి చదివేవారు. జనం మధ్య నుంచి ఒకామె లేచి, "నేను వెళ్లలేదు, నాకు రాలేదు" అంటే, సంబంధించిన ఉద్యోగి అక్కడికక్కడే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. తేలిన ప్రతి రూపాయీ తిరిగి వచ్చిందని నేను చెప్పను. ప్రతి తప్పుకూ శిక్ష పడిందనీ చెప్పను. కానీ చదువు రాని కూలీ ప్రభుత్వ లెక్కను ప్రశ్నించగలదని రుజువైంది. ఆమెకు కావాల్సింది డిగ్రీ కాదు. ఆ కాగితం తనకు తెలిసిన భాషలో, తన ముందు, పైకి చదివే ఒక గొంతు.

మూడో అభ్యంతరం. కోర్టులున్నాయి, వకీళ్లున్నారు, రాజ్యాంగాన్ని వాళ్లు చూసుకుంటారు, మనకెందుకు అని. కోర్టులు చేసిన మేలు ఇంతసేపూ నేనే చెప్పాను. కాదనను. కానీ కోర్టులు కూడా తడబడిన రోజులున్నాయి. ఎమర్జెన్సీ కాలంలో, 1976 ఏప్రిల్‌లో, సుప్రీంకోర్టు ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. అక్రమంగా నిర్బంధించారని ఒక మనిషి మొర పెట్టుకుంటే కోర్టు వినవచ్చా అని. ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం వినరాదన్నారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ పరిస్థితిని మార్చింది ఏమిటి? 1977 ఎన్నిక. దేశంలో చాలా భాగం ఓటర్లు అప్పటి ప్రభుత్వాన్ని దించేశారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఓటరు తీర్పు ఆ ఏడాది వేరుగా వచ్చింది, ఆ మాటా చెప్పుకోవాలి. ఎవరికి ఓటేశారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఓటు వల్ల పార్లమెంటు మారింది. మారిన పార్లమెంటు 1978లో 44వ సవరణ చేసింది. ఎమర్జెన్సీలో కూడా జీవించే హక్కును నిలిపివేయడానికి వీల్లేదని రాసింది. ఆనాటి తీర్పు తప్పేనని సుప్రీంకోర్టు తానే 2017లో చెప్పింది. కోర్టు దిద్దుకోవడానికి 41 ఏళ్లు పట్టింది. ఓటరుకు ఒక ఏడాది పట్టింది. అందుకే రాజ్యాంగాన్ని వకీళ్లకే వదిలేయలేం.

నాలుగో అభ్యంతరం తరచూ పెద్దవాళ్ల నోట వింటాం. హక్కులు, హక్కులు అని నూరిపోస్తే జనం తగాదాలకు పోతారు, ముందు బాధ్యతలు నేర్పండి అని. ఇందులో కొంత న్యాయం ఉంది. 1976లో 42వ సవరణతో ప్రాథమిక విధులు రాజ్యాంగంలోకి వచ్చాయి. వాటిని నేర్పాల్సిందే. కానీ హక్కూ బాధ్యతా రెండు వేరు పుస్తకాలని అనుకోవడంలోనే పొరపాటుంది. చదువు సంగతి చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 1950లోనే సర్కారుకు చెప్పింది. పదేళ్లు గడిచాయి, ఇరవై గడిచాయి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు, ఇది పిల్లల హక్కే అంది. 2002లో 86వ సవరణ వచ్చింది. ఆ ఒక్క సవరణే రెండు పనులు చేసింది. చదువు పిల్లవాడి హక్కు అని 21ఎ అధికరణంలో రాసింది. వాణ్ని బడికి పంపడం తల్లిదండ్రుల విధి అని విధుల జాబితాలో చేర్చింది. పిల్లవాడి హక్కే తల్లిదండ్రులకు విధి అయింది. ఒకరి హక్కు ఇంకొకరి బాధ్యత. ఇది తెలిసినవాడు తగాదాకు పోడు, తన వంతు తాను చేసి అవతలివాడి వంతు అడుగుతాడు.

విధుల పేరుతో హక్కును తొక్కితే ఏమవుతుందో కూడా చూశాం. కేరళలో ఒక బడిలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు గానీ, తమ మతవిశ్వాసం కారణంగా పాడేవారు కాదు. బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టులో ఆ కేసు విన్నవారిలో మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్నారు. తీర్పు రాసింది ఆయనే. నిలబడి గౌరవం చూపారు గనక విధి నెరవేరింది, పాడమని బలవంతం చేసే చట్టమేదీ లేదు, పిల్లల్ని తిరిగి చేర్చుకోండి అని చెప్పారు. దేశభక్తి అంటే ఏమిటో ఆ పిల్లలకంటే పెద్దలకు ఆ తీర్పు ఎక్కువ నేర్పింది.

చివరి అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అడిగినవాడికే ముప్పు కదా అంటారు. ఊళ్లో నలుగురి ముందు లెక్క అడిగితే రేపటి నుంచి పని ఇవ్వరు, పింఛను ఆపుతారు, ఇంటి మీదికి వస్తారు అంటారు. నిజం. సమాచారం అడిగినందుకు బెదిరింపులు ఎదుర్కొన్నవాళ్లు ఉన్నారు. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఈ దేశంలో ఉన్నారు. ఈ భయం అబద్ధమని చెప్పడం మోసం. కానీ ఒక్కటి గమనించండి. ఒంటరిగా అడిగిన మనిషిని లొంగదీయడం తేలిక. పదిమంది కలిసి అడిగితే కష్టం. పౌరవిద్య ఊరందరికీ కావాలనేది ఇందుకే. ఊళ్లో ఒక్కడికే చట్టం తెలిస్తే వాడు తలనొప్పి మనిషి అవుతాడు. అందరికీ తెలిస్తే ఆ ప్రశ్న మామూలు ప్రశ్న అవుతుంది. రాజ్యాంగం దీనికి చోటు కూడా చూపించింది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలోనే స్థానం ఇచ్చింది. ఆ ఊరి ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎన్నికైనవాళ్లు మాత్రమే కాదు, మీరూ సభ్యులే. ఈరోజు చాలా చోట్ల గ్రామసభ ఎలా జరుగుతోంది? చాటింపు సగం ఊరికే వినిపిస్తుంది. పదిమంది వస్తారు. రిజిస్టరు మాత్రం సాయంత్రానికి ఇల్లిల్లూ తిరిగి సంతకాలతో, వేలిముద్రలతో నిండుతుంది. ఏ తీర్మానం కింద ఆ వేలిముద్ర పడిందో వేసినవాళ్లకు తెలియదు. అందుకే సంతకం పెట్టే ముందు, "పైన ఏం రాశారో చదివి వినిపించండి" అని అడగాలి. ఇందులో ధిక్కారం లేదు. సభ్యుడిగా మీ పని అది.

మరి చేయాల్సిందేమిటి? పెద్ద పథకాలు అక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏడాదికి ఒకసారి గ్రామసభకో, మునిసిపల్ కార్యాలయానికో తీసుకెళ్లవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు రాయించడం ఒక పాఠం కావచ్చు. పొదుపు సంఘాల సమావేశంలో అప్పుల లెక్క అయ్యాక పది నిమిషాలు ఒక హక్కు గురించి మాట్లాడుకోవచ్చు. ఇది మనకు కొత్తేమీ కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాలు పెట్టినవాళ్లు పుస్తకాలతో పాటు ప్రపంచ జ్ఞానం పంచాలనే పెట్టారు. ఆనాడు నిజాం ప్రభుత్వ అనుమానపు చూపుల కింద పెట్టారు. ఈనాడు రాజ్యాంగమే మన వెనక ఉంది. ఇంకెందుకు ఆలస్యం?

డాక్టర్ అంబేద్కర్ 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ, రాజ్యాంగం పట్ల నిబద్ధత మనుషులకు పుట్టుకతో వచ్చేది కాదనీ, దాన్ని పెంచుకోవాలనీ, మన జనం దాన్ని ఇంకా నేర్చుకోవాల్సే ఉందనీ చెప్పారు. నేర్చుకోవడం అంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడగవచ్చు. ఒక్క హక్కుతో మొదలుపెట్టండి. మీకు ఈ వారం అవసరమైన హక్కేదో ఎంచుకోండి. రేషను కార్డు కావచ్చు, పింఛను కావచ్చు, కాలవ నీళ్లు కావచ్చు, పిల్లవాడి బడి కావచ్చు. దాని మీద మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరిని అడగాలి, ఎన్నాళ్లలో జవాబివ్వాలి, కాదంటే ఎక్కడికి వెళ్లాలి. జవాబులు కనుక్కుని ఇంట్లో అందరికీ చెప్పండి, పక్కింటివాళ్లకూ చెప్పండి. మీరు చెప్పింది విని వాళ్లు వెళ్లి అడిగితే, ఆ ఒక్క హక్కు మేరకు మీ వీధిలో రాజ్యాంగం అమల్లోకి వచ్చినట్టే.